బుల్‌పప్ రైఫిళ్లకు సైట్లు, అనుబంధ పరికరాల ఎంపిక

మ్యాగజైను, తూటాను పేల్చే యంత్రాంగం ట్రిగ్గర్‌కు వెనుక, బట్‌లోనే అమర్చిన రైఫిల్‌ను బుల్‌పప్ అని వ్యవహరిస్తారు. బ్యారెల్‌ను కుదించకుండా తుపాకీ మొత్తం పొడవును తగ్గించడమే ఈ అమరిక ఉద్దేశం. భారత దళాలలో 1990ల నుంచి వాడుకలో ఉన్న ఇన్సాస్ రైఫిల్ పొడవు 960 మి.మీ., దాని బ్యారెల్ 464 మి.మీ. ఇజ్రాయెల్ రూపొందించిన టావోర్ టార్-21 బ్యారెల్ 460 మి.మీ. ఉండగా మొత్తం పొడవు 720 మి.మీ. మాత్రమే. వాహనం నుంచి దిగేటప్పుడు, ఇరుకు గదులలో, దట్టమైన పొదలలో ఈ జానెడు తేడా ఎంతో ఉపకరిస్తుంది. భారత సైన్యపు ప్రత్యేక దళాలు టావోర్‌ను, కేంద్ర రిజర్వు పోలీసు దళం దాని పొట్టి రూపమైన ఎక్స్-95ను వినియోగిస్తున్నాయి. ఆయుధాల చట్టం-1959 మేరకు స్వయంచాలిత రైఫిళ్లు నిషిద్ధ ఆయుధాలు. కావున ఈ ఎంపిక ప్రధానంగా దళాల కొనుగోళ్లకు సంబంధించిన విషయం.

పొడవు తగ్గడంతో వచ్చే మొదటి ఇబ్బంది గురి విషయంలోనే. ముందు, వెనుక ఇనుప సైట్ల నడుమ దూరం 50 సెం.మీ. ఉన్నప్పుడు 1 మి.మీ. పొరపాటు జరిగితే 300 మీటర్ల దూరాన తూటా 60 సెం.మీ. పక్కకు పోతుంది. ఆ దూరం 30 సెం.మీ.కు కుదిస్తే అదే పొరపాటుకు తూటా ఒక మీటరు తప్పుతుంది. అందువలన బుల్‌పప్ విషయంలో ఆప్టికల్ సైట్‌ను తరువాత కొనదగిన అలంకారంగా గాక, రైఫిల్‌లో భాగంగానే లెక్కించవలసి ఉంటుంది.

ఆస్ట్రియా ఈ సంగతిని ముందే గుర్తించింది. 1977లో ఆ దేశ సైన్యం స్వీకరించిన స్టెయర్ ఆగ్ రైఫిల్ పట్టుపిడిలోనే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా చూపే స్వరోవ్‌స్కీ సైట్ ఇమిడి ఉంటుంది. 180 సెం.మీ. ఎత్తు గల మనిషి 300 మీటర్ల దూరాన నిలిచినప్పుడు అందులోని వలయం సరిగ్గా నిండుతుంది. దూరాన్ని అంచనా వేయడానికి వేరే సాధనం అక్కరలేదు. బ్రిటన్ 1985లో ప్రవేశపెట్టిన ఎల్85కు నాలుగు రెట్ల సుసాట్ సైట్‌ను పదాతి దళానికి సమకూర్చి, ఇతర విభాగాలలో అధికులకు ఇనుప సైట్లతో సరిపెట్టింది. అఫ్గానిస్థాన్ యుద్ధకాలంలో తేలికైన ఎకాగ్ సైట్లను అత్యవసరంగా కొనుగోలు చేసి, 2011లో ఎల్కాన్ సైట్‌ను ఎంపిక చేసింది. దానిపైన సమీప లక్ష్యాల కోసం చిన్న రెడ్ డాట్ సైట్ కూడా ఉంటుంది.

సైట్‌ను ఎంచుకునేటప్పుడు కంటికి, కటకానికి నడుమ ఉండవలసిన దూరాన్ని తప్పక పరిశీలించాలి. నాలుగు రెట్ల ఎకాగ్‌కు ఇది సుమారు 38 మి.మీ. మాత్రమే. బుల్‌పప్‌లో చెంప యంత్రాంగం మీదనే ఆనుతుంది. సాధారణంగా బట్‌ను ముందుకు, వెనుకకు జరిపే వీలుండదు. బుల్లెట్ ప్రూఫ్ కవచం ధరించినప్పుడు కన్ను మరింత వెనుకకు జరుగుతుంది. కాబట్టి పరీక్షలను కవచం, శిరస్త్రాణం ధరింపజేసియే జరపాలి. కార్యాలయపు బల్ల మీద చక్కగా కనిపించిన సైట్ మైదానంలో నల్లని అంచునే చూపించిన పక్షంలో ఆ వ్యయం వృథా.

సైట్ ఎత్తు మరొక అంశం. బట్ బ్యారెల్‌కు తిన్నగా ఉండడం వలన చూపు రేఖ బ్యారెల్ కంటే 6 సెం.మీ.కు పైగా ఎత్తున ఉంటుంది. అయిదారు మీటర్ల దూరంలో తూటా గురిపెట్టిన చోటికి దాదాపు అంత దిగువన తగులుతుంది. బందీ వెనుక నక్కిన దుండగునిపై కాల్పులు జరిపే వేళ ఈ తేడా ప్రాణాంతకం కాగలదు. గోడ చాటు నుంచి కాల్చేటప్పుడు సైట్‌లో దారి స్పష్టంగా కనిపించినా, బ్యారెల్ మూతి గోడకు ఎదురుగానే ఉండవచ్చు.

వార్తలలో తరచు కలగాపులగమయ్యే రెండు పరికరాలను ఇక్కడ వేరుచేసి చెప్పవలసి ఉంది. రెడ్ డాట్ సైట్‌లోని ఎర్రచుక్క అద్దంలో కాల్చేవారికి మాత్రమే కనిపిస్తుంది, లక్ష్యం మీద పడదు. లక్ష్యం మీద వెలుగుచుక్క వేసేది లేజర్. టావోర్‌కు అమర్చే మెప్రో 21 సైట్ పగలు ఫైబర్ ఆప్టిక్ వెలుగుతో, రాత్రి ట్రిటియం వెలుగుతో బ్యాటరీ లేకుండా పనిచేస్తుంది. అయితే ట్రిటియం అర్ధాయువు 12.3 సంవత్సరాలు. అంతకాలానికి వెలుగు సగానికి పడిపోతుంది గనుక సైట్ తయారైన సంవత్సరాన్ని స్టాకు రిజిస్టరులో నమోదు చేయడం, మార్పిడి వ్యయాన్ని ముందే అంచనాలలో చేర్చడం అవసరం.

అనుబంధ పరికరాల విషయంలో పొదుపే మేలు. బ్యారెల్ ముందు భాగంలో చోటు కొద్దిగానే ఉంటుంది. టార్చి, లేజర్, ముందు పిడి అన్నీ బిగిస్తే చేయి పెట్టుకునే స్థలం కరవవుతుంది. పొట్టి రకాలలో ఎడమచేయి బ్యారెల్ మూతికి చేరువగా ఉన్నందున, అది ముందుకు జారకుండా ఆపే పిడి మాత్రం అవసరమే. బరువు మాట సరేసరి: విడిగా 3.82 కిలోలుండే ఎల్85ఎ2, సుసాట్ సైట్, నిండు మ్యాగజైనుతో సుమారు 5 కిలోలకు చేరుతుంది.

ఎడమచేతివాటం వారి సంగతిని కొనుగోలు దశలోనే చూడాలి. ఎల్85ను కుడి భుజం నుంచి మాత్రమే కాల్చవలసి ఉంటుంది. ఎడమ భుజానికి మార్చితే వేడి ఖాళీ తూటా ముఖానికే తగులుతుంది. ఆగ్, టావోర్ రైఫిళ్లలో బోల్టును మార్చి ఖాళీ తూటా బయటపడే దిక్కును మార్చవచ్చు. ఈ మార్పును ఆయుధాగారంలోనే చేయించి, ఆ సిబ్బంది పేరిట ఆ రైఫిల్‌నూ సైట్‌నూ జతగా కేటాయించి, ఫైరింగ్ రేంజిలో తిరిగి జీరోయింగ్ జరిపించవలసి ఉంటుంది.