పలక మీద తొలి లెక్క

అర్ధవీడులో రాత్రి పదిన్నర అవుతోంది. పడమట నల్లమల కొండలు చీకట్లో కలిసిపోయాయి. మా వసారాలో నులకమంచం మీద 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, దాని ముందు మా మేనల్లుడు. వాడు కాస్త జరిగితే మీకూ చోటుంది. కూర్చోండి.

"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇది లేస్తానే ఉంటది గదా మామా, దీంట్లో చూసేదేముంది?" అంటాడు వాడు. బీటెక్ రెండో ఏడు. ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 ఉంది. గ్రబ్ మెనూ రాగానే 'ఈ' మీట నొక్కించి, 'లినక్స్' అని మొదలయ్యే వరస చివర 'మెంబ్లాక్=డీబగ్' అని చేర్పించాను. ఎఫ్10 నొక్కాడు. తెల్ల అక్షరాలు తెర మీద పరుగెత్తి పోయాయి, చదవడానికి అందలేదు. లాగిన్ అయ్యాక, డెబియన్ అడుగున నడిచే లినక్స్ కెర్నల్ తన చిట్టాలో దాచుకున్న ఆ వరసలన్నీ మొదటి నుంచి మళ్ళీ తెప్పించాం. ఇప్పుడు తొందర లేదు. ఒక్కో వరసా పట్టుకుని లోపలికి పోదాం.

మొదటి వరస. ఎడమ పక్కన 0.000000 అని ఉంది. రెండో వరసకూ అదే, పదో వరసకూ అదే. పనులు జరిగిపోతున్నాయి, కాలం మాత్రం కదలడం లేదు. గడియారం ఇంకా మొదలవలేదు మరి. ఇక్కడ డిస్కు లేదు, కీబోర్డు లేదు. ఒకే ఒక్క ప్రాసెసర్ కోర్ మేలుకుని ఉంది. ర్యామ్ ఉందన్న మాటే గానీ అది ఎంతో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కెర్నల్‌కు తెలియదు.

అడంగల్ చూడకుండా ఊళ్ళో ఏ పొలం ఎంతో చెప్పలేం. ఇక్కడ అడంగల్ ఫర్మ్‌వేర్ దగ్గరుంటుంది, దాన్ని ఈ820 పట్టిక అంటారు. తెర మీద వరసగా దిగుతున్నది అదే. మొదట్లో 640 కేబీ దాకా వాడుకోవచ్చు. అక్కడి నుంచి 1 ఎంబీ దాకా పాతకాలపు వీడియో కార్డుకూ బయోస్‌కూ వదిలిన జాగా. ఆపైన పెద్ద చెక్క ఒకటి మనది. 4 జీబీ గీతకు కాస్త దిగువన మళ్ళీ బీడు, పరికరాల చిరునామాల కోసం. ఆఖరి వరస దగ్గర మావాడు ఆగిపోయాడు. "ఉండేదే 4 జీబీ గదా, ఇది 4 దాటి ఎట్టా పోయింది?"

"ర్యామ్ పెరగలేదురా. నడుమ బీడు వదిలారు గదా, ఆ మేరకు చిరునామా జరిగింది."

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. మామూలు రోజుల్లో కెర్నల్‌లో జాగా పంచేది బడ్డీ అలకేటర్. మెమరీని 4 కేబీ పేజీలుగా చూస్తుంది, జంటలు జంటలుగా కలుపుతూ 4 ఎంబీ ముక్కల దాకా పోతుంది. గట్టి పనిమంతురాలు. కానీ పని మొదలుపెట్టాలంటే ప్రతి పేజీకీ 64 బైట్ల చీటీ ఒకటి ముందే సిద్ధంగా ఉండాలి. 4 జీబీకి 10,48,576 పేజీలు. చీటీలకే 64 ఎంబీ. ఆ 64 ఎంబీ ఎవరిస్తారు? జాగా ఇవ్వాల్సింది బడ్డీనే. బడ్డీ ఇంకా పుట్టనే లేదు.

మార్కాపురం పక్కన పెరిగిన మనకు దీని జవాబు దూరం కాదు. నోటుపుస్తకం చేతికి రాకముందు మనం అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. కెర్నల్ కూడా పలకతోనే వస్తుంది. ఆ పలక పేరు మెంబ్లాక్. అది ఒకరిని అడిగి తెచ్చుకున్నది కాదు. కెర్నల్‌ను కంపైల్ చేసిన రోజే దాని ఒంట్లో గళ్ళు గీసి ఉంచారు, ఒక్కో వైపు 128. ఒక వైపు ఉన్న జాగా, రెండో వైపు పట్టుబడిన జాగా. ఖాళీ జాగా అని ఎక్కడా రాయరు. అడిగినవాడు వచ్చినప్పుడు రెండు వైపులూ పక్కపక్కన చూసి, ఉన్నదాంట్లోంచి పట్టుబడింది తీసేస్తే మిగిలిందే ఖాళీ. పక్కపక్క గళ్ళు ఆనుకుంటే కలిపేసి ఒక్కటే గడి చేస్తారు. ఇంత తక్కువ సరంజామాతో ఒక యంత్రమంతా లేచి నిలబడుతుందంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఏ వైపు ముందు నిండుతోందో చూడండి. రెండో వైపు! ఉన్నదెంతో మొదటి వైపున ఇంకా రాయకుండానే, ముట్టుకోకూడనివి రాసుకుంటోంది కెర్నల్. తాను కూర్చున్న చోటు మొదట. పొరపాటున దాన్నే ఎవరికైనా ఇచ్చేస్తే తన కోడ్ మీద తానే రాసుకుని చస్తుంది. తర్వాత బూట్‌లోడర్ తెచ్చి దింపిన ఇనిట్‌ఆర్‌డీ అనే తొలి ఫైళ్ళ మూట. దాంతోపాటు మెమరీ మొదటి 64 కేబీ, ఇంకాసేపటికి తొలి 1 ఎంబీ మొత్తం. అందులో 640 కేబీ దాకా వాడుకోవచ్చని అడంగల్‌లో ఉన్నా కెర్నల్ నమ్మదు. కొన్ని బయోస్‌లు ఆ చోట చెప్పకుండా రాసేస్తాయని అనుభవం మీద తెలిసింది.

ఈ పలకకు ఒక పుట్టుక ఉంది. ఐబీఎంలో పీటర్ బెర్గ్‌నర్ 2001 జూన్‌లో పవర్‌పీసీ యంత్రాల కోసం ఎల్‌ఎంబీ అని రాశాడు. 2010లో అదే మెంబ్లాక్ అయింది. బూట్‌మెమ్ అనే పాత పద్ధతి ఇంకొకటి ఉండేది. అది పేజీకో బిట్ చొప్పున పటం గీసేది, మన 4 జీబీకి 128 కేబీ పటం. ఆ పటం పరవడానికీ ముందుగా జాగా వెతకాలి! మైక్ రాపోపోర్ట్ పనితో 2018 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 4.20 నుంచి బూట్‌మెమ్ లేకుండా పోయింది. మంచి పని అయింది.

తిరిగి తెర మీదికి రండి. అడిగేవాళ్ళు మొదలయ్యారు. పేజీ పట్టికలకు చోటు, ప్రాసెసర్‌ల సొంత సరుకుకు చోటు. చిరునామాలు గమనించండి: మెంబ్లాక్ పైనుంచి కిందికి కోసుకుంటూ వస్తోంది. కింది జాగా విలువైనది. 16 ఎంబీ పైకి చేయి చాచలేని పాత పరికరాలున్నాయి, 4 జీబీ దాటి చూడలేనివీ ఉన్నాయి. వాటికోసం అడుగున మిగుల్చుతోంది. 128 గళ్ళూ నిండితే రెట్టింపు పలక చేసుకుంటుంది. ఆ కొత్త పలకకు చోటు కూడా పాత పలక చూసే వెతుకుతుంది. ఈ దశలో జాగా దొరక్కపోతే మరో దారి లేదు. స్వాప్ లేదు, చంపి జాగా లాక్కోవడానికి ఒక్క ప్రోగ్రామ్ కూడా లేదు. ఎక్కువ సందర్భాల్లో యంత్రం అక్కడే ఆగిపోతుంది.

ఇదుగో, పెద్ద కోత. సుమారు 64 ఎంబీ. చీటీలన్నీ ఇక్కడ పడుకుంటాయి. మావాడు ముందుకు వంగాడు. పలక మీద లెక్కతో నోటుపుస్తకం కొన్నారన్నమాట.

ఆ తర్వాత అప్పగింత. మెంబ్లాక్ రెండు వైపులూ చివరిసారి చూసి, పట్టుబడనివాటిని బడ్డీ చేతిలో పోస్తుంది. 'మెమరీ' అని మొదలయ్యే ఒక్క వరసలో ఎంత ఉందో, ఎంత పట్టుబడిందో లెక్క చెప్పేస్తుంది. ఇంకా కిందికి పోతే, బూట్‌కు మాత్రమే పనికొచ్చే కెర్నల్ భాగాన్ని విడిచిపెట్టామని మరో వరస. మన ల్యాప్‌టాప్ లాంటి ఎక్స్86 యంత్రాల్లో పలకా అందులోనే పోతుంది. దొండాకూ బొగ్గూ రాసి నున్నగా చేసుకున్న పలకను చివరికి తడిగుడ్డతో తుడిచేసినట్టు.

మావాడు 'ఫ్రీ -ఎమ్' కొట్టాడు. 'టోటల్' కింద 4096 లేదు. "తక్కువ చూపిస్తాంది మామా. తక్కింది యాడికి పోయింది?"

"చీటీలకు 64 ఎంబీ చూశావు గదా. కెర్నల్ ఒళ్ళు కొంత. తొలి 1 ఎంబీ. బొమ్మలు చూపే చిప్ ముందే కోసుకున్నది కొంత, అది అడంగల్‌లోనే మనది కాదని రాసుంది. పైనుంచి ఒక్కో వరసా కూడుకుంటూ రా."

వాడు లోపలికి పోయి చెల్లెలి పలక, బలపం తెచ్చుకున్నాడు. మొదటి గీత గీసి 64 అని వేశాడు.