విశాఖ మన్యంలో నాటు తుపాకీ గుండ్లు

గొట్టం మూతి నుంచే మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి కాల్చే తుపాకీని విశాఖ మన్యంలో నాటు తుపాకీ అంటారు. కణుజు, చుక్కల దుప్పి, మొరిగే జింకల వేటలో ఇక్కడ తరాల పాటు విల్లంబులతో పాటు ఇదీ ఉంది. తూటా తుపాకీకి మందు, గుండు ఒకే డొప్పలో కర్మాగారం నుంచి తయారై వస్తాయి. నాటు తుపాకీకి ఆ సౌకర్యం లేదు. మందు ఎంత పోయాలి, ఒక పెద్ద గుండు వేయాలా, గుప్పెడు రవ్వలు పోయాలా అన్నది కాల్చే ప్రతిసారీ వేటగాడే నిర్ణయించుకోవాలి. గురి తప్పితే మళ్లీ దట్టించేలోగా జంతువు కొండ దాటిపోతుంది. అందువల్ల ఈ వేటలో గురి ఎంత ముఖ్యమో గుండు ఎంపికా అంతే ముఖ్యం.

బోరు, బరువు

తుపాకీ బోరు లెక్క సీసపు గుండు నుంచే పుట్టింది. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే, ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు అవుతుంది. గుండు బరువు సుమారు 38 గ్రాములు, అడ్డకొలత 18.5 మిల్లీమీటర్లు. 16 బోరు గుండు 28 గ్రాములు, 20 బోరు గుండు 23 గ్రాముల లోపు తూగుతాయి. గోళం అడ్డకొలత సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సన్న గొట్టానికి గుండ్రని గుండు వాడినవాళ్లకు ఎదురైన చిక్కంతా ఇదే. 12.7 మిల్లీమీటర్ల గుండు 12 గ్రాములే తూగుతుంది. దుప్పికి అది చాలుతుంది. రెండు వందల కిలోలు దాటే మగ కణుజుకు, అదీ ముంగాలి వెనక సరైన చోట తగలకపోతే, చాలదు.

సీసాన్ని ఎన్నుకోవడానికి కారణాలున్నాయి. అది 327 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి కట్టెల పొయ్యి చాలు. ఇనుము కంటే బరువు. మెత్తన కావడంతో తగిలిన చోట చదునై గాయాన్ని వెడల్పు చేస్తుంది. గుండును గొట్టం కంటే కాస్త చిన్నదిగా పోసి, నూనె రాసిన గుడ్డముక్కతో దట్టిస్తే సందు మూసుకుని మందు బలం పక్కల నుంచి కారిపోదు. పైగా తుపాకీ మందు మసి పట్టిన గొట్టంలోకి గుండు సులువుగా దిగుతుంది.

కొండలకు తుపాకీ చేరిక

1682లో ఇంగ్లిషు కంపెనీ విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ సేన బొబ్బిలి కోటను ముట్టడించేనాటికి ఈ ప్రాంతంలో ఫిరంగులు, తుపాకులు కొత్తవి కావు. మైదానంలోని జమీందార్ల కొలువుల్లో వాడిన జామగిరి తుపాకులు కొండలకూ చేరాయి. జామగిరి అంటే నిప్పంటించిన తాడు. అది చినుకులో ఆరిపోతుంది, మాటు వేసినప్పుడు దాని వాసన జింకకు ముందే అందుతుంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ పేలుడు టోపీ రావడంతో ఈ ఇబ్బందులు రెండూ తీరాయి. గొట్టం లోపలి పద్ధతి మాత్రం మారలేదు. నున్నటి గొట్టంలో గుండ్రని గుండే కొనసాగింది.

కోసుగుండు వాదం

బయటి ప్రపంచంలో ఆ కాలంలోనే గుండు రూపం మారింది. ఫ్రాన్సులో క్లోడ్ ఎతియెన్ మినియే 1849లో అడుగున బోలుగా ఉండే కోసుగుండును తయారుచేశాడు. మందు పేలినప్పుడు దాని అడుగు విప్పారి, గొట్టంలోని మెలికల గాడులను పట్టుకుంటుంది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో వాడిన ఈ జాతి గుండు 34 గ్రాములు తూగేది. అదే గొట్టానికి గుండ్రని గుండు వేస్తే బరువు దాదాపు సగం. దూరపు కాల్పులకు కోసుగుండే మేలని సైన్యాలు తేల్చుకున్నాయి.

అడవి సంగతి వేరని గట్టిగా చెప్పినవాడు కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్. మధ్య భారత అడవుల్లో పనిచేసిన ఈ అధికారి 1863లో వేట రైఫిళ్లు, వాటి గుండ్ల మీద ఒక పుస్తకం రాశాడు. భారతీయ అడవిలో జంతువు దగ్గరలోనే కనబడుతుంది, దూరం కంటే దెబ్బ ముఖ్యం, కాబట్టి పెద్ద బోరులో బరువైన గుండ్రని గుండు, దండిగా మందు, అతి నెమ్మదైన మెలిక కావాలన్నది ఆయన వాదన. 104 అంగుళాలకు ఒక్క చుట్టు తిరిగే గాడులను సిఫారసు చేశాడు. గాడులు త్వరగా తిరిగితే, ఎక్కువ మందు వేసినప్పుడు గుండ్రని గుండు వాటిని పట్టుకోలేక జారిపోతుందని ఆయన అనుభవం. తూర్పు కనుమల దట్టమైన పొదలకు, లోయలకు ఈ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. కోసుగుండును నున్నటి గొట్టంలో వేస్తే గాలిలో తలకిందులవుతుంది. నాటు తుపాకీ చేతబట్టినవాడికి గుండ్రని గుండు తప్ప దారి లేదు, యాభై మీటర్లు దాటితే దాన్నీ నమ్మలేడు.

గుండా, రవ్వలా

చైత్ర మాసపు సామూహిక వేట మన్యానికి పాత ఆచారం. నేటి అరకు, పాడేరు ప్రాంతాల్లో దీన్ని ఇటుకల పండుగ అంటారు. మగవాళ్లు అడవికి వెళితే ఆడవాళ్లు దారికి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ డబ్బు వసూలు చేస్తారు. వేట దొరక్క ఉత్త చేతులతో వచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడ విసిరేవారని ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన తన గ్రంథంలో నమోదు చేశాడు.

ఇలాంటి తోలుడు వేటలో జంతువు పరుగు మీద వస్తుంది. పరుగెత్తేదాన్ని ఒంటి గుండుతో కొట్టడం కష్టం, రవ్వలైతే ఏదో ఒకటి తగులుతుందన్న ఆశ ఉంటుంది. ఆ ఆశే ఎక్కువ హాని చేసింది. సీసం దొరకనిచోట సైకిల్ బేరింగ్ గుళ్లు, ఇనుప ముక్కలు గొట్టంలోకి వెళ్లాయి. పావు అంగుళం ఉక్కు గుళ్లు ఒక్కొక్కటి గ్రాము తూగుతుంది. అది చదును కాదు, లోతుకు పోయే బరువూ లేదు. ఇరవై ముప్ఫై కిలోల మొరిగే జింక దగ్గరలో తగిలితే పడుతుందేమో. కణుజు మాత్రం ఆ గుళ్లతోనే పారిపోయి, ఎక్కడో పుండు కుళ్లి రోజుల తర్వాత చస్తుంది. వేటగాడికి మాంసమూ దక్కదు. మాటు వేసి, జంతువు నిలకడగా పక్కకు తిరిగినప్పుడు, ముంగాలి వెనక ఒకే మెత్తని సీసపు గుండు దించడమే ఈ తుపాకీతో చేయదగిన న్యాయమైన వేట. రవ్వలు చెదిరి పొదల అవతల ఉన్న తోటి వేటగాళ్లకూ ప్రమాదమే.

తూటాలు అయిపోయినప్పుడు

తెచ్చుకునే తూటాకు, పోసుకునే గుండుకు తేడా 1922 మన్యం తిరుగుబాటులో బాగా తేలింది. ఆగస్టు 22న చింతపల్లి, ఆ తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు బ్రిటిష్ అధికారులు హతమయ్యారు. స్టేషన్ల నుంచి తెచ్చిన తూటాలు వాడే కొద్దీ తరిగిపోయేవే, ఏ ఊళ్లోనూ తయారయ్యేవి కావు. వేటగాడి సీసపు గుండు పొయ్యి దగ్గర తయారవుతుంది కానీ స్టేషన్ నుంచి తెచ్చిన తుపాకీకి పనికిరాదు.

చట్టం

1878 ఆయుధ చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన 1959 చట్టం 13వ సెక్షన్‌లో మూతి నుంచి దట్టించే తుపాకీని విడిగా ప్రస్తావించింది. నిజంగా పంట కాపుకే అయితే పౌరుడికి దాని లైసెన్సు ఇవ్వాలని చెప్పింది. చోడి, సామ చేలను రాత్రుళ్లు మేసిపోయే జంతువుల బెడద తెలిసినవాళ్లకు ఈ వెసులుబాటు విలువ అర్థమవుతుంది.

వేటకు మాత్రం దారులు వరసగా మూసుకున్నాయి. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న, విశాఖ నగరం పక్కనున్న కంబాలకొండ అడవి 1970లో అటవీ శాఖ చేతికి వచ్చింది, ఇప్పుడది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇవ్వనిచ్చింది. 1991 సవరణ వాటిని ఎత్తేసి, వేటను నిషేధించింది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ పంట కాపుకు తీసుకున్న లైసెన్సు దుప్పిని కొట్టడానికి చెల్లదు. గొట్టంలో ఏ గుండు ఉన్నా కేసు ఒకటే.