పాంచెవ్ హఖ్: 15 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన బంగారు బూటు

హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ దీవానాలకు యుగోస్లావియా పేరు కొత్త కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన రహీం సాబ్ టీమ్‌ని 4-1తో ఓడించింది ఆ ముల్కే. ఇప్పుడు నక్షాలో ఆ ముల్క్ లేదు. దాని ఆఖరి రోజుల్లో గోల్స్ కుమ్మరించిన ఒక మాసిడోనియా ఆటగాడి ఖిస్సా ఇది.

పేరు డార్కో పాంచెవ్. 1965లో స్కోప్యేలో పుట్టాడు. ఉస్మానీల జమానాలో ఉస్కుబ్ అన్నది ఈ షహర్‌నే. మొదట సొంతూరి క్లబ్ వార్దార్‌కి ఆడాడు. 1988లో బెల్‌గ్రేడ్‌లోని రెడ్ స్టార్‌కి వెళ్లాడు. 1990 వరల్డ్ కప్‌లో యూఏఈ మీద రెండు గోల్స్ కొట్టాడు.

1991 మే 29. ఇటలీలోని బారి. యూరోపియన్ కప్ ఫైనల్, ఎదురుగా ఫ్రాన్స్ టీమ్ మార్సెయ్. రెండు గంటలాడినా ఒక్క గోల్ పడలేదు. నిజం చెప్పాలంటే చూడ్డానికి బోరు మ్యాచ్! పెనాల్టీల్లో రెడ్ స్టార్ ఒక్కటీ వదల్లేదు. ఐదోది, ఆఖరిది, పాంచెవ్‌దే. 5-3. ఆ రోజు టీమ్ లిస్ట్ చదువుతుంటే ఒక పేరు దగ్గర నా కళ్లు ఆగాయి: రెఫిక్ షబనాజొవిచ్. మన రఫీఖే! సెర్బులు, మాంటెనీగ్రో వాళ్లు, మాసిడోనియన్లు, సగం క్రొయేషియన్ అయిన ప్రొసినెచ్కీ... అందరూ ఒకే జెర్సీలో.

నెల తిరక్కముందే, జూన్ 25న, స్లొవేనియా, క్రొయేషియా ఆజాదీ ప్రకటించాయి. సెప్టెంబర్ 8న మాసిడోనియా కూడా ఓటేసి విడిపోయింది. ముందురోజే పాంచెవ్‌కి 26 నిండాయి. 1992 యూరో కప్ క్వాలిఫయింగ్‌లో 10 గోల్స్‌తో అందరికంటే ముందున్నది అతనే. కానీ జంగ్ వల్ల ఆంక్షలొచ్చాయి, యుగోస్లావియాని టోర్నీ నుంచి తీసేశారు. ఆ ఖాళీలో వచ్చిన డెన్మార్క్ కప్ ఎత్తుకుపోయింది.

ఇక అసలు బాధ. 1990-91 లీగ్ సీజన్లో పాంచెవ్ గోల్స్ 34. యూరప్ లీగుల్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక బంగారు బూటు ఇచ్చేది. ఇంతలో సైప్రస్ ఫుట్‌బాల్ సంఘం అడ్డుపడింది: మా లీగ్‌లో ఒకడు 40 కొట్టాడంది. రికార్డుల్లో చూస్తే అక్కడ టాప్ స్కోరర్‌కి 19 గోల్సే! పత్రిక విసిగిపోయి ఆ ఇనామ్‌నే ఆపేసింది. తప్పుడు లెక్క ఎవరిదో, సజా ఎవరికో.

1992లో ఇటలీ క్లబ్ ఇంటర్ భారీ రఖం పెట్టి కొనుక్కుంది. అక్కడ కిస్మత్ మొహం చాటేసింది. మైదాన్‌లోకి ముగ్గురు విదేశీయులకే ఇజాజత్, క్లబ్‌లో ఉన్నది అంతకంటే ఎక్కువ. సీరీ ఆ లీగ్‌లో 19 మ్యాచ్‌లు, 3 గోల్స్. స్వదేశంలో ‘కోబ్రా’ అని పిలిచినవాడిని ఇటలీ అఖ్బార్‌లు పచ్చ బల్లి అని వెక్కిరించాయి. తర్వాత జర్మనీ, స్విట్జర్లాండ్ క్లబ్బులు. 1997 కల్లా ఆట ముగిసింది.

బంగారు బూటు 2006లో చేతికొచ్చింది. 34 గోల్స్ కొట్టిన 15 ఏళ్లకు. అప్పటికి ఆ లీగూ లేదు, ఆ ముల్కూ లేదు.