సర్కారు తుమ్మ ఎవరి చెట్టు?

ఈ చెట్టును వాడల్లో సర్కారు తుమ్మ అంటారు. కొన్నిచోట్ల సీమతుమ్మ, ఇంగ్లీషు తుమ్మ. దాని చరిత్ర పేరులోనే ఉంది. తెచ్చింది సర్కారు, ముల్లు దిగింది మాత్రం మన కాళ్లలో. చెప్పులు కుట్టినోళ్లే చెప్పులేసుకుని ఊళ్లో నడవగూడదన్న రోజుల్లో ఈ ముల్లు ఎవరికి ఎంత గుచ్చుకుందో వేరే చెప్పాలా?

అటవీ శాఖ రాతల్లో దీని కథ క్లుప్తంగా దొరుకుతుంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల అధికారి బెడ్డోమ్ ఈ విత్తనాల కోసం రెవెన్యూ శాఖకు రాశాడు. 1877లో జమైకా నుంచి విత్తనాలొచ్చాయి. 1878లో కడప జిల్లా కమలాపురం ప్లాంటేషన్‌లో నాటారు. కావలసింది వంటచెరకు, మెట్టనేలకు పచ్చదనం. సరిగ్గా ఆ ఏళ్లలోనే రాయలసీమను ధాత కరువు మింగింది. కరువులో చచ్చినోళ్ల కులమేదో, ఆ గుంతలు తవ్విన చేతులెవరివో ఈ కథలో కనబడదు. నాలుగేళ్లకే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో మేపుకు, పుల్లలకు పోవడం నేరమైంది. అడవి మూసేసి, బయట ముళ్లచెట్టు పరిచారన్నమాట.

ఈ చెట్టు ఆకును పశువులు ముట్టవు, కాయలు మాత్రం ఇష్టంగా తింటాయి. పేడలో పడ్డ గింజ మొలుస్తుంది. నరికితే మొదట్నుంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే ప్లాంటేషన్ కంచె దాటి చెరువుల్లోకి, పోరంబోకుల్లోకి పాకింది. బోరు, ట్రాక్టరు ఉన్న ఆసామి తన పొలంలో మొదళ్లు పెకలించుకోగలడు. పట్టా కాగితం తప్ప పెట్టుబడి లేని దళితుడి అసైన్డ్ భూమి కంపకిందికి పోతుంది. తర్వాత ఆఫీసరొచ్చి 'సాగులో లేదు' అని రాసుకుంటాడు.

అయితే దీన్ని ఉత్త శత్రువనీ అనలేం. వాడలో పొయ్యి వెలిగింది ఈ కంపతోనే. పనుల్లేని రోజుల్లో కంపగొట్టి, బొగ్గుల బట్టీ పెట్టి బతికినోళ్లున్నారు. పొగ మింగింది కూలోళ్లు, లాభం తిన్నది కాంట్రాక్టరు.

ఇప్పుడు పర్యావరణం పేరుతో ఈ చెట్టును వేళ్లతో పీకమంటున్నారు. పీకాల్సిందే. కానీ మేమడిగేది రెండే. పొయ్యిలోకి బదులేమిస్తారు? కంప తీసిన నేల ఎవరి చేతికి పోతుంది? పట్టా ఉన్నోడికే దక్కకపోతే, 1878 నాటి కథే మళ్లీ మొదలైనట్టు.