ఒకే ఎండ, రెండు అంకెలు – ఉష్ణమాపకం నడచిన దారి

కర్తరి ఎండలను గూర్చి రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతాలవారికి వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మన పెద్దలు ఊరక పుట్టించినది కాదు. అయితే ఈ సీమలోని తెలుగు ఇండ్లలో ఆ ఎండకు మరొక విచిత్రం కూడ ఉన్నది. వేలూరులో ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరినదని తెలుగు పత్రిక వ్రాస్తుంది. అదే దినాన తమిళ పత్రిక 105.8 డిగ్రీలని వ్రాస్తుంది. ఎండ నూరు దాటిన నాడు ‘శతకం కొట్టిన వెయిలు’ అని తమిళ పత్రికలు చమత్కరించడం మనకు పరిచయమే. ఎండ ఒక్కటే, అంకెలు మాత్రం రెండు. ఈ రెండంకెల వెనుక సుమారు మూడువందల సంవత్సరాల చరిత్ర ఉన్నది.

మనిషికి తొలి ఉష్ణమాపకం తన చేయి. బిడ్డ నుదుటిపై తల్లి పెట్టే చేయి నేటికీ ఆ పని చేస్తూనే ఉన్నది. కాని చేయి నమ్మదగిన సాక్షి కాదు. ఒక చేతిని వేడినీటిలోను, ఒక చేతిని చన్నీటిలోను కొంతసేపు ఉంచి, తరువాత రెండింటినీ గోరువెచ్చని నీటిలో ముంచితే, ఒక చేయి చల్లగా ఉన్నదని, మరొకటి వేడిగా ఉన్నదని చెబుతుంది. అందుచేత పక్షపాతం లేని సాక్షి కావలసి వచ్చినది. వేడికి వ్యాకోచించే పాదరసం ఆ సాక్షి అయినది.

1714లో డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్ నమ్మకమైన పాదరస ఉష్ణమాపకాన్ని నిర్మించి, 1724లో తన మానాన్ని ప్రకటించాడు. మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమపు చలిని సున్నగా, మంచు కరిగే స్థితిని 32గా, మానవదేహపు వేడిని 96గా ఆయన ఎంచుకొన్నాడు. 1742లో స్వీడన్ దేశపు ఖగోళజ్ఞుడు ఆండర్స్ సెల్సియస్ నీటినే ఆధారం చేసికొని నూరు భాగాల మానాన్ని ప్రతిపాదించాడు. విశేషమేమనగా, ఆయన మానంలో మరిగే నీరు సున్న, గడ్డకట్టే నీరు నూరు! కొద్ది సంవత్సరాలలోనే దానిని తలక్రిందులు చేసి నేటి రూపానికి తెచ్చారు. సెల్సియస్ అంకెను 1.8తో గుణించి 32 కలిపితే ఫారెన్‌హీట్ అంకె వస్తుంది. మన 41, మన 105.8 ఇట్లే ఒకటవుతాయి.

ఆంగ్లేయుల పాలనలో ఫారెన్‌హీట్ మానమే మన దేశంలో వ్యాప్తిలో ఉండెను. 1792లో మదరాసులో నక్షత్రశాల ఏర్పడినది. పదునెనిమిదవ శతాబ్ది చివరి సంవత్సరాల నుండే అక్కడ వాతావరణ వివరాలను నమోదు చేసేవారు. 1875లో భారత వాతావరణ శాఖ నెలకొన్నది. ఆ శాఖవారు కొలిచేది నేల వేడిని కాదు, నీడలోని గాలి వేడిని. గాలి ఆడే చీలికలు గల తెల్లని కొయ్యపెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున ఉష్ణమాపకాన్ని ఉంచుతారు. గుడియాత్తంలో మిట్టమధ్యాహ్నం కౌండిన్యనది ఇసుకపై ఉత్తకాళ్లతో నడచినవానికి పత్రికలోని అంకె తక్కువగా తోచడానికి ఇదే కారణం.

1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి దేశంలో అంచెలంచెలుగా ప్రవేశించినది. మణుగు పోయి కిలో వచ్చినది. పాఠ్యపుస్తకాలలో సెల్సియస్ స్థిరపడినది. కాని ఎండను, జ్వరాన్ని చెప్పడంలో పాత మానం మన నాలుకను వదలలేదు.

ఎండ విషయంలో ఈ గందరగోళం వినోదమే. జ్వరం విషయంలో కాదు. 1866 ప్రాంతంలో ఆంగ్ల వైద్యుడు క్లిఫర్డ్ ఆల్‌బట్ ఆరంగుళాల జ్వరమానినిని రూపొందించి, దానిని వైద్యుని జేబులో ఇమిడే సాధనంగా చేశాడు. 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ ఆరోగ్యవంతుని దేహోష్ణత సగటున 37 డిగ్రీల సెల్సియస్ అని వ్రాశాడు. మనం వేదవాక్కుగా భావించే 98.6, ఆ 37కు ఫారెన్‌హీట్ అనువాదం మాత్రమే. నేటి జ్వరమానినులలో ఒక్క మీట నొక్కితే మానం మారిపోతుంది. 39.5 అని చూచి, నూరు దాటలేదు గదా అని నిశ్చింతగా ఉన్న తల్లి పక్కన బిడ్డ 103 డిగ్రీల జ్వరంతో మూలుగుతూ ఉండవచ్చు. అంకె ప్రక్కన అక్షరమేదో చూడడం చిన్న విషయం కాదు.

తరువాతి సాధనాలు పాదరసాన్ని మించినవి. 1821లో సీబెక్ రెండు లోహాల సంధి వేడెక్కినపుడు విద్యుత్తు పుట్టుననే విషయాన్ని బయటపెట్టాడు. కొలిమి వేడిని కొలిచే ఉష్ణయుగ్మానికి అదే మూలం. 1848లో కెల్విన్ ప్రభువు ఏ పదార్థంపైనా ఆధారపడని మానాన్ని ప్రతిపాదించాడు. దాని సున్న మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. 2020లో కరోనా కాలాన బడి వాకిట పిల్లల నుదుటికి ఎదురుగా పట్టిన సాధనం తాకకుండానే, దేహం వెలువరించే పరారుణ కిరణాలను బట్టి వేడిని లెక్కగట్టినది.

వీటన్నిటిలో ఈ ఉత్సవవేళ స్మరింపదగినది ప్లాటినం. వేడి పెరిగినకొద్దీ ప్లాటినం తీగె విద్యుత్తుకు చూపే నిరోధం క్రమంగా పెరుగుతుంది. 1871లో సీమెన్స్ ఈ గుణాన్ని కొలతకు వాడగా, 1887లో కాలెండర్ దానికి శాస్త్రీయమైన కచ్చితత్వాన్ని చేకూర్చాడు. సున్న డిగ్రీల వద్ద 100 ఓములుండే తీగె నూరు డిగ్రీల వద్ద సుమారు 138.5 ఓములు చూపుతుంది. మైనస్ 259 మొదలు 961 డిగ్రీల సెల్సియస్ వరకు అంతర్జాతీయ ప్రమాణానికి నేడు ఆధారం ప్లాటినమే. దానికి ఈ గౌరవం మెరుపు వలన రాలేదు. ఎన్నిమార్లు వేడెక్కి చల్లారినా మొదటి మాటనే తిరిగి చెప్పగల స్థిరత్వం వలన వచ్చినది.

తమిళసీమలో తెలుగు చదువుకొన్న మనకు రెండు మానాలతో బ్రతకడం కొత్త కాదు. వీధిలో ఒక భాష, బడిలో ఒక భాష. ఒకదానినుండి మరొకదానికి మారుతూ అర్థం చెడకుండ చూచుకోవడం మనం పసితనాననే నేర్చిన విద్య. డెబ్బది అయిదేండ్ల ఎండవానలకు ఓర్చి, వచ్చిన ప్రతి తరానికీ మాట మార్చక అక్షరం నేర్పిన మన పాఠశాలకు ప్లాటినం పేరు తగినదే.