వారానికి ఒక్క గోలీ ఇయ్యాల్సిన రోగానికి మనకాడ రోజుకో సూది

పాశమైలారం, బొల్లారం కంపెనీలల్ల పనిచేసేటోళ్లకు చేతులే ఆస్తి. పొద్దుగాల లేస్తే పిడికిలి ముడువరాక, రెండు చేతుల వేళ్ల గణుపులు వాసి గంటకు పైగ బిగుసుకపోతే దాన్ని పని అలసట అని కొట్టిపారేయకుండ్రి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ గావచ్చు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే రోగం ఇది. ముసలోళ్ల మోకాళ్ల అరుగుడు వేరు. ఇది ముప్ఫై, నలభై ఏండ్లోళ్లకు గూడ వస్తది, ఆడోళ్లకు ఎక్కువ. బీడీ, సిగరెట్, సిలికా దుమ్ము దీన్ని పెంచుతయని పరిశోధనలున్నయ్.

నేను డాక్టర్‌ను గాను. కానీ దీనికి రాసిపెట్టిన వైద్య పద్ధతి ఉన్నది, అది మన బస్తీలదాక రాలే. ఆసియా పసిఫిక్ దేశాల కీళ్ల డాక్టర్ల సంఘం ‘ఆప్లార్’ 2015ల మార్గదర్శకాలు ఇచ్చి, 2018ల సవరించింది. రోగం తేలంగనే దాన్ని అదుపుచేసే మందు మొదలుపెట్టాలె, ఎక్కువమందికి మొదటి మందు మెథోట్రెక్సేట్. నొప్పి తగ్గితే సాలదు, వాపు సల్లారేదాక డాక్టర్ చూసుకుంట మందు మార్చాలె. మన దిక్కు టీబీ ఎక్కువ గాబట్టి ఖరీదైన బయోలాజిక్ సూదులకు ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పవు.

మరి మనకాడ? డ్యూటీ దిగినంక గల్లీల స్టెరాయిడ్ సూది. తెల్లారేసరికి నొప్పి మాయం, అందుకే నమ్ముతం. అసలు మందు పట్టేదాక కొన్నాళ్లు తక్కువ డోసుల స్టెరాయిడ్ పెద్ద డాక్టర్లు గూడ ఇస్తరు. ఏండ్ల తరబడి అదొక్కటే అయితే బొక్కలు గుల్లయితయ్, షుగర్ పెరుగుతది. మెథోట్రెక్సేట్ పనిచేయనీకి ఆరు నుంచి పన్నెండు వారాలు పడ్తది. గీ నడుమనే మనోళ్లు ‘పనిచేస్తలేదు’ అని బంద్ పెడ్తరు.

జర ఇది గట్టిగ యాదుంచుకోండ్రి: ఆ గోలీ వారానికి ఒక్కరోజే. ఐతారం అంటే ఐతారమే. రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి పానం మీదికొస్తది. దానికి తోడు ఫోలిక్ యాసిడ్ రాస్తరు, నడుమనడుమ రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు చేపిస్తరు. కల్లు, సారా అలవాటుంటే డాక్టర్‌కు దాచొద్దు. కడుపుతోని ఉన్నోళ్లు అసలే వాడొద్దు. పిల్లల కోసం చూసేటోళ్లు, ఆడైనా మగైనా, ముందే చెప్పాలె.

ఏడికి పోవాలె? నిమ్స్‌ల రుమటాలజీ విభాగమే ఉన్నది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికునికి, కాంట్రాక్ట్ అయినా సరే, ఈఎస్‌ఐ హక్కు. జీతంల 0.75 శాతం కోస్తున్నరంటే కార్డు నంబరు అడుగుండ్రి. రామచంద్రాపురం ఈఎస్‌ఐ దవాఖానల చూపించి, అవసరమైతే పై దవాఖానకు రాయించుకోండ్రి.

మెథోట్రెక్సేట్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితల ఉన్నది. మీ సర్కారు దవాఖాన ఫార్మసీల దొరుకుతదా అడుగుండ్రి. లేదంటే సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్ ప్రజావాణిల దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోండ్రి.