కలమూ, అచ్చూ, కంప్యూటరూ

ఉగాదికి కొత్త బట్ట కట్టుకొనుట మన ఆచారము. బెంగుళూరులో చిక్కపేటకు పోయినా, మల్లేశ్వరమునకు పోయినా "కలంకారీ" పేరుతో చీరలు కుప్పలుగా కనిపిస్తాయి. మన సీమ బట్ట గదా అని మురిసిపోతాము. కాని వానిలో ఏది చేతితో వ్రాసినదో, ఏది కంప్యూటరులోని బొమ్మను యంత్రము అచ్చొత్తినదో మనలో ఎందరము గుర్తించగలము?

కలంకారీకి తెలుగునాట రెండు పుట్టిళ్లు. శ్రీకాళహస్తిలో వెదురు కలముతో వ్రాస్తారు. మచిలీపట్నము, పెడనలలో చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తి పనివారు ముందుగా గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానవేసి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి కసిమి తయారుచేస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డకు కసిమి తగలగానే గీత నల్లబడుతుంది. పటిక వ్రాసిన చోట ఎరుపు నిలుస్తుంది. ఉతుకులతో, ఉడుకులతో ఒక చీరకు వారాలు పడుతుంది. కంప్యూటరులో తప్పు గీతను ఒక్క మీటతో తుడిచివేయవచ్చు. గుడ్డపై కసిమి గీత అంత సులభముగా చెరగదు.

యంత్రముతో ఈ పోటీ నేటిది కాదు. 17వ శతాబ్దిలో మన తీరపు అద్దకపు బట్టలకు ఐరోపా మోజుపడినది. అక్కడి నేతగాండ్రు గగ్గోలు పెట్టగా ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించినది. ఇంగ్లండు 1700, 1721 చట్టములతో అదే బాట పట్టినది. 1783లో థామస్ బెల్ రోలరు అచ్చు యంత్రమునకు పేటెంటు పొందినాడు. మన పూలతీగలు యంత్రమెక్కినవి. మన పనివాని పేరు ఎక్కలేదు. 1950ల దశకములో కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనికతో కాళహస్తిలో శిక్షణ ఏర్పడి కలము మళ్లీ ఊపిరి పోసుకున్నది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి పద్మశ్రీ లభించినది.

కంప్యూటరును మనము పగగా చూడనక్కరలేదు. మన నగరములోని మ్యూజియమ్ ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ 2020లో ముందు అంతర్జాలములోనే తలుపు తెరచి, 2023లో కస్తూర్బా రోడ్డు భవనములోనికి జనులను ఆహ్వానించినది. దూరాన ఉన్న కళను ఇంటికి తెచ్చుటలో ఆ సాధనమునకు సాటిలేదు. మన పిల్లలు తెరపై బొమ్మలు గీయుటయు సంతోషమే. చెక్క అచ్చు కూడ ఒక సాధనమే గదా!

దోషమంతయు పేరు మార్చి అమ్ముటలో ఉన్నది. అచ్చొత్తిన చీర వ్రాసిన చీర పేరుతో చౌకగా అమ్ముడుపోతే, వారాలు శ్రమించినవానికి కూలి గిట్టదు. అతని బిడ్డ కలము పట్టడు. కనుక ఈ ఉగాదికి దుకాణములో మనమందరము ఒక్క ప్రశ్న వేయుదము: "ఇది చేతి వ్రాతా, యంత్రపు అచ్చా?" పొరుగూరికి వచ్చి స్థిరపడిన మనము పుట్టినూరి పనివానికి చేయగల సాయము ఈపాటిదైనా ఉన్నది.